బూడిదరంగు మేజోళ్లు

ఉన్ని ఒడిలో పడగానే తుల్సీబాయికి కోపం వచ్చింది.

అది మరీ మెత్తగా ఉంది. పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియడం లేదు. వేలికి కాస్తయినా ఎదురు తిరగని దారమంటే ఆమెకు మొదటి నుంచీ గిట్టదు. రంగు మరీ అన్యాయం. చల్లారిన పొయ్యిలో పొద్దున్నే చెయ్యి పెడితే అంటుకునే రంగు.

"మామూలు ఉన్ని అనుకుంటున్నవా? కాశ్మీర్ మేకల మెడ కింది బొచ్చు. అమృత్‌సర్ సేటు మా ఆయనకు కానుక పంపిండు. ముట్టి జూడు, వెన్న!" అంది కళావతి.

"ముట్టిన సేటమ్మా. బూడిద లెక్కున్నది."

"దాని గొప్ప నీకేం తెలుస్తదే? పెద్దోళ్లు గిసుంటి రంగులే ఏస్కుంటరు. నీ పసుపు, ఎరుపు, చిలకపచ్చ, అవన్ని తండ రంగులు. దీంట్ల వేరే రంగుది ఒక్క పోగు కలిపినవంటే చూడు మల్ల!"

కళావతి భర్త నర్సింగరావుకు జనగామ స్టేషన్ రోడ్డులో బట్టల దుకాణం. ఆ దుకాణం అరుగు మీద, ఎడమవైపు మూలన, తుల్సీబాయి పదకొండేళ్లుగా కూర్చుని ఉన్ని టోపీలు, మఫ్లర్లు, మేజోళ్లు అల్లి అమ్ముతోంది. అది రెండువేల తొమ్మిది డిసెంబర్ ఆఖరి వారం. తొమ్మిదో తేదీన తెలంగాణ ఇస్తామన్నారు. ఇరవై మూడున మాట వెనక్కి తీసుకున్నారు. ఊరు ఊరంతా కొలిమిలా ఉంది. జనవరిలో వర్తక సంఘం వాళ్లు ఢిల్లీకి పోయి ధర్నాలో కూర్చోవాలని నిర్ణయించారు. నర్సింగరావు వాళ్లకు పెద్ద. ఢిల్లీ చలి గురించి విన్న దగ్గర నుంచి కళావతికి ఆయన పాదాల బెంగ పట్టుకుంది.

"ఇంకో మాట. సెల్‌ఫోన్ సిమ్ముల బల్ల పెట్టుకుంటనని ఒకాయన ఈ అరుగు అడుగుతున్నడు. మా ఆయన సరే అనేటట్టే ఉన్నడు. సాక్సులు మంచిగొస్తే నేను చెప్త, నీ జాగ నీకుంటది. లేకుంటే నేనేం జెయ్యలేను, తుల్సీ" అని చెప్పి కళావతి లోపలికి వెళ్లిపోయింది.

ఆ జాగ రెండు మూరల వెడల్పు ఉంటుంది. పైన రేకు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా వెలుతురు సరిగ్గా చేతుల మీద పడుతుంది. దాని కోసం తుల్సీబాయి నడిచి వచ్చిన దూరం చాలా పెద్దది.

ఆమె పుట్టింది కొత్తగూడ అడవిలో, పోడు చేసుకునే తండాలో. పన్నెండేళ్లప్పుడు అక్కడి చిన్న దవాఖానలో నీళ్లు మోసే పనికి కుదిరింది. ఎక్కడో కొండల దేశం నుంచి వచ్చిన నర్సమ్మ ఒకామె ఉండేది. రోగులు లేని మధ్యాహ్నాల్లో ఆ నర్సమ్మ నాలుగు పుల్లల మీద మేజోళ్లు అల్లేది. పుల్లలు కదులుతుంటే గుండ్రంగా, కుట్టు లేకుండా, గాలిలోంచి ఒక పాదం పుట్టుకొచ్చేది. ఆ పిల్ల నీళ్ల బిందె దించడం మరిచి చూస్తూ నిలబడేది. పుల్లలు కొనే దారి లేక విరిగిన సైకిల్ చక్రం నుంచి పుల్లలు ఊడదీసి, మొనలు బండకు రుద్ది నున్నగా చేసుకుంది. ఇప్పటికీ అల్లేది సైకిల్ పుల్లలతోనే.

జఫర్‌గఢ్ దగ్గరి తండా మంగ్యాతో పెళ్లయి ఇటు వచ్చింది. ఎండాకాలం కూలి, వానాకాలం పత్తి చేను, మధ్యలో ఇద్దరు పిల్లలు. మంగ్యాకు జనగామ మార్కెట్ యార్డులో హమాలీ పని దొరికాక తనూ పుల్లలు మూట కట్టుకుని పట్నం వచ్చింది. రెండేళ్లు స్టేషన్ మెట్ల మీద కూర్చుంటే పోలీసులు లేపేశారు. బస్టాండులో కూర్చుంటే పండ్ల బండ్ల వాళ్లు లేపేశారు. ఒక చలికాలం నర్సింగరావు తన దుకాణం ముందు ఆమె నిలబడి ఉండటం చూసి, "నిలవడి అల్లుతరా ఎవలన్న? కూసో" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట మీద పదకొండేళ్లు గడిచాయి. ఆటోవాళ్లు, హమాలీలు, బడిపిల్లలు, పాలు పోసేవాళ్లు, ఎవరి తల మీద చూసినా ఆమె ఎరుపు, ఆమె పసుపు. తండా నుంచి వచ్చిన ఆడమనిషి పట్నంలో తన చోట తాను కూర్చుని ఉండటం, దారిన పోయేవాళ్లు "తుల్సక్కా" అని పిలిచి పోవడం, ఆమెకు అదే సంపాదన.

కొలత తీసుకోవడానికి నర్సింగరావును అరుగు మీదికి పిలిచింది. తుల్సీబాయి పాదం ముట్టి కొలవదు, పిడికిలి చుట్టూ దారం తిప్పి కొలుస్తుంది. మడమ నుంచి వేళ్ల దాకా పాదం ఎంతో, మూసిన పిడికిలి చుట్టూ అంత.

"పిడికిలి బిగించు సేటూ."

"ఎందుకే? నన్ను కొట్లాటకు తోలుతున్నవా?"

"ఢిల్లీకి పోతున్నవు గద. గిప్పుడే నేర్చుకో."

ఆయన బిగించాడు. తుల్సీబాయి దారం చుట్టి మొహం చిట్లించింది. "గిదేం పిడికిలి సేటూ, పెరుగన్నం ముద్ద లెక్క! గట్టిగ!"

లోపల లెక్క రాసుకుంటున్న గుమాస్తా లింగయ్య కిసుక్కున నవ్వాడు. నర్సింగరావు కూడా నవ్వుతూనే ఈసారి గట్టిగా బిగించాడు. మంచి మనిషే. కోపం రాని మనుషులతో వచ్చే ఇబ్బంది ఏమిటో తుల్సీబాయికి ఆ రోజు ఇంకా తెలియదు.

అల్లడం మొదలుపెట్టాక ఉన్ని తన బుద్ధి చూపించింది. పుల్ల మీద నిలవదు. జారుతుంది. జారిన ముడిని పట్టుకోబోతే పోగు రెండుగా చీలుతుంది. సైకిల్ పుల్లకు ఎక్కడో కంటికి కనిపించని గరుకు ఉంటే అక్కడ చిక్కుకుని వెంట్రుకలు లేస్తుంది. ఆమె పుల్లలన్నీ మళ్లీ బండకు రుద్దింది. వేళ్లకు కొబ్బరినూనె రాసి తుడుచుకుంది. మామూలు ఉన్నితో రెండు రోజుల్లో అయ్యే జత, దీనితో అయిదు రోజులకు ఒక్క పాదం కూడా దాటలేదు. అల్లినంత మేరా చూస్తే పొగమంచులా ఉంది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ మడమ తిరిగిందో చూపు ఆనదు. తన చేతి పని తన కంటికే కనపడటం లేదు.

"కోపంతోని అల్లకే, ముళ్లు బిగుసుకుంటయి" అన్నాడు మంగ్యా, ఇంటి ముందు పుల్లల చప్పుడు విని.

"బిగుసుకోనీ."

"గంత నచ్చకుంటే వాపస్ ఇయ్యరాదు?"

"జాగ నువ్విస్తవా?"

మంగ్యా బీడీ ముట్టించుకుని అవతలికి పోయాడు.

కానీ ఆమె చెడగొట్టలేదు. చెడగొట్టడం చేతకాదు. నచ్చని ఉన్నికీ నచ్చిన ఉన్నికీ ఆమె చేతులు ఒకే మర్యాద ఇస్తాయి. మడమ దగ్గర మూడుసార్లు విప్పి నాలుగోసారి అల్లింది. పనిలో వంక పెట్టడానికి ఏమీ మిగలకూడదని పంతం పట్టింది.

రెండో మేజోడు అంచు దగ్గరికి వచ్చేసరికి చౌరస్తాలోని దీక్షా శిబిరంలో ఆడవాళ్ల రోజు వచ్చింది. కళావతి మాట్లాడుతుందని తెలిసి తుల్సీబాయి వెళ్లి వెనక చాప మీద కూర్చుంది. కళావతి మైకు పట్టుకుంది.

"సినిమాల్ల మన మాట ఎవలకు పెడ్తరమ్మా? దొంగకు పెడ్తరు. రౌడీకి పెడ్తరు. పనిమనిషికి పెట్టి నవ్వుతరు. మన బతుకమ్మ మోటంటరు, మన బువ్వ మోటంటరు. మన ఇంట్ల మనల్ని చూసి నవ్వనీకి వీళ్లెవలు?"

ఆ మాట తుల్సీబాయి పక్కటెముకల మధ్య తగిలింది. నిజం. ప్రతి అక్షరం నిజం. అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది. జై తెలంగాణ అని అందరికంటే గట్టిగా అరిచింది.

శిబిరం నుంచి దిగుతూ కళావతి ఆమెను చూసి ఆగింది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు ఉన్నారు.

"మంచిగ వచ్చినవు తుల్సీ. ఎల్లుండి ర్యాలీకి మీ తండ ఆడోళ్లను పదిమందిని తోల్కరా. ఆ వేషాలేసుకొని రావాలె. అందరికన్న ముందుగాల మీరే నడవాలె. టీవీలోళ్లు వస్తున్నరు."

"వేషాలా?"

"గదేనే, అద్దాలవి, గవ్వలవి, ఎర్రగ ఉంటయి గద."

"సేటమ్మా, ఇయి వేషాలు గాదు. బట్టలు. నేను పుట్టినప్పటి సంది ఇవే కడుతున్న."

"అబ్బ, సరే తియ్, బట్టలే." కళావతి పక్కవాళ్ల వైపు తిరిగి నవ్వింది. "దీని మాటలు వింటే పొద్దుపోతది నాకు. ఏదన్న మాట్లాడించుండ్రి, నవ్వి నవ్వి సస్తరు."

వాళ్లు నవ్వారు కూడా. చెడ్డ ఆడవాళ్లేం కాదు. ఇంతకు ముందే కళావతి మాటలకు కళ్లు తుడుచుకున్నారు.

తుల్సీబాయి నడుచుకుంటూ అరుగు దాకా వచ్చింది. రోడ్డు మీద నడవడానికి నా ఎరుపు కావాలి. టీవీలో పడటానికి నా ఎరుపు కావాలి. పాదానికి మాత్రం పనికిరాదు. ఆ మాట లోపల తిరిగి తిరిగి గట్టిపడింది. ఆమె రెండో మేజోడు చేతిలోకి తీసుకుంది.

ఆమె తల్లి ఒక పద్ధతి నేర్పింది. చేతితో చేసిన ఏ వస్తువైనా చెయ్యి దాటి పోయేముందు అందులో ఒక ఎర్రపోగు ఉండాలి. ఎర్రపోగు లేకుండా ఇంట్లోంచి బయటికి పోయేది శవం మీద కప్పే గుడ్డ ఒక్కటే. నచ్చిందా లేదా అన్న మాట కాదిది. దూరదేశం పోయే మనిషికి ఎర్రపోగు లేని మేజోళ్లు ఇచ్చి పంపడమంటే నోటితో అనకుండా చావు కోరడమే. నర్సింగరావు చావు ఆమె ఎందుకు కోరుతుంది?

తుల్సీబాయి వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి అల్లుతుంది. చివర అంచును లోపలికి మడిచి కుడుతుంది. ఆ మడతలో, బయటికి కనపడకుండా, జాతరలో కొన్న ఎర్ర ఉన్నితో ఒక్క వరుస అల్లింది. మొదటిదాని అంచు కూడా విప్పి అందులోనూ ఒక వరుస. వద్దన్నదాన్ని చేశానని ఆమెకు తెలుసు. ఆ వరుస అల్లుతున్నంత సేపూ మాత్రం ఇన్ని రోజుల్లో మొదటిసారి వేళ్లకు దారం తెలిసింది.

ర్యాలీకి ముందురోజు పొద్దున్నే మేజోళ్లు ఇచ్చింది. కళావతి చెయ్యి చాచలేదు. "అరుగు మీద పెట్టు" అంది. పెట్టాక వంగి తీసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. మొహం వెలిగిపోయింది.

"పట్నంల మిషను మీద గూడ గిట్ల రాదు గదనే!"

"ఉడుకునీళ్లు తగలనియ్యకు సేటమ్మా. గీ ఉన్ని ఉడుకునీళ్లకు ముడుసుకుంటది. నిజానికి ఉతకనే ఉతకొద్దు, గట్లనే తొడుగుమను."

"సరే, సరే."

"నా జాగ?"

"నీదే పో" అంది కళావతి.

మర్నాడు తుల్సీబాయి తొమ్మిదిమంది ఆడవాళ్లను తీసుకుని వచ్చింది. స్టేషన్ రోడ్డు జనంతో, డప్పులతో, జెండాలతో నిండి ఉంది. ర్యాలీ అయ్యాక సాయంత్రం రైలుకు నర్సింగరావు బయలుదేరతాడు. దుకాణం ముందు ఆయన మెడ నిండా బంతిపూల దండలు. మంగ్యా, ఇంకో ఇరవైమంది హమాలీలు భుజాల మీద గోనెపట్టాలతో నిలబడి ఉన్నారు.

కళావతి లోపలి నుంచి విసురుగా వచ్చి చేతిలోది అరుగు మీదికి విసిరింది.

"చూడు! చూడు నువ్వు చేసిన పని!"

మేజోళ్లు. కానీ తుల్సీబాయి గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. అయిదేళ్ల పిల్ల కాలికి సరిపోయేంత అయ్యాయి. చెప్పు అట్టలా గట్టిపడ్డాయి. అంచు నుంచి మడమ దాకా ఎర్రటి మరక, బెణికిన చోట కమిలినట్టు.

"ఒక్క పోగు కలపొద్దని చెప్పిన్నా లేదా? నీ తండ బుద్ధి పోనిచ్చుకున్నవా? గంత విలువైన ఉన్ని, మట్టిల కలిపితివి!"

డప్పులు ఆగలేదు కానీ దగ్గరున్నవాళ్లు ఇటు తిరిగారు.

"ఎర్రపోగు నేనే పెట్టిన. మడత లోపట పెట్టిన. మా అమ్మ నేర్పిన పద్ధతి. అది తప్పంటే తప్పే, ఒప్పుకుంట" అంది తుల్సీబాయి. వంగి ఒక మేజోడు తీసి పిడికిలి మీద పెట్టుకుంది. సగం కూడా చుట్టలేదు. "ఎర్రపోగు మరకైతది. గింత చిన్నగ చెయ్యదు. దీన్ని ఉడకబెట్టినవా సేటమ్మా?"

"ఏమో, ఉతికిన."

"ఎందుకు?"

"ఎందుకేంది? ఉతకరా?"

"ఒక్కసారి గూడ తొడగలే. వద్దని చెప్పి ఇచ్చిన. కొత్త సాక్సులు ఉడుకునీళ్లల్ల ఎందుకేసినవు?"

కళావతి కొంగు సర్దుకుంటూ దుకాణం లోపలి వైపు తిరిగింది.

లింగయ్య తల దించుకున్నాడు. ఆయనకు తెలుసు. తుల్సీబాయికి కూడా తెలుసు. పదకొండేళ్లుగా ఆమె చాయ్ గ్లాసు కిటికీ చువ్వల అవతల వేరుగా ఉంటుంది. ఆమె ఇచ్చిన చిల్లర మీద నీళ్లు చల్లి గల్లాపెట్టెలో వేస్తారు. తెలిసి కూడా చూడనట్టు కూర్చుంది, వెలుతురు బాగుందని. తండా చెయ్యి తాకినది సలసలకాగే నీళ్లలో మునిగితే తప్ప ఆ ఇంటి మనిషి పాదానికి పనికిరాదు. అయిదు రోజులకు ఒక్క పాదం చొప్పున, మూడుసార్లు విప్పి అల్లిన మడమ, ఆ నీళ్లలో మునిగింది.

"జనం చూస్తున్నరు, పోనియ్" అన్నాడు నర్సింగరావు మెల్లగా.

"పోనిచ్చుడేంది? తప్పైందని చెప్పుమను. చెప్తే జాగ ఉంటది, నేనేం రాక్షసిని గాదు" అంది కళావతి. గొంతులో కోపం కంటే తొందర ఎక్కువగా ఉంది.

మంగ్యా హమాలీల గుంపులోంచి దగ్గరికి వచ్చాడు. "ఒక్క మాటనే. అనెయ్. నోటి మాటకు ఏం పోతది? జాగ పోతది."

తుల్సీబాయి భర్త వైపు చూడలేదు.

"అంట. నేను తప్పైందంట. ముందుగాల సేటమ్మను చెప్పుమను, నీళ్లెందుకు పోసిందో. గీ డప్పులు ఆపి, అందరు వినంగ చెప్పుమను. మొన్న మైకుల అడిగినవు గద సేటమ్మా, మన ఇంట్ల మనల్ని చూసి నవ్వనీకి వీళ్లెవలు అని? నేను గూడ చప్పట్లు కొట్టిన. చేతులు మండినయి. గిప్పుడు నేనడుగుతున్న. చెప్పు."

కళావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట ఎంత చిన్నదో, దాన్ని పదిమందిలో అనడం ఎంత కష్టమో అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు. నర్సింగరావు దండలోని ఒక బంతిపువ్వును తుంచుతూ నేల చూశాడు. ఆయన ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కూసో అన్నవాడు, ఇవాళ ఏమీ అనలేదు. తుల్సీబాయి కోపమంతా కళావతి మీద నుంచి ఆయన మీదికి మళ్లింది.

ఆమె అరుగెక్కింది. టోపీలు, మఫ్లర్లు దుప్పట్లో వేసి మూట కట్టింది. పుల్లలు నడుములో దోపుకుంది. కూర్చునే గోనెసంచి దులిపి మడిచింది. పాడైన మేజోళ్లు ముట్టుకోలేదు.

"ఓ తుల్సక్కా, ముందుకు రాండ్రి, కెమెరాలు వచ్చినయి!" అని ర్యాలీ ముందు నుంచి ఎవరో కేకేశారు.

"వదినే, పోదామా ఇంటికి?" అడిగింది ఆడబిడ్డ రుక్కి.

"ఇంటికెందుకు పోవాలె? తెలంగాణ నాది గాదా? నడుస్త. గని ముందల నడువ. దిష్టిబొమ్మను గాదు."

పదిమందీ జనం మధ్యలోకి, హమాలీల పక్కకు చేరారు. ముందు వరుస ఖాళీగా ఉంది. వాళ్లు ఎక్కడున్నారో అని కెమెరా అతను కాసేపు వెతికి, చివరికి కెమెరా జెండా మీదికి తిప్పాడు. తుల్సీబాయి నినాదం ఇస్తుంటే మంగ్యా పక్కకు తిరిగి చూశాడు. అంత గొంతు ఉందని ఇరవై ఏళ్లలో అతనికి తెలియదు. ఆమె ఎవరి మీద అరుస్తోందో అతనికి పూర్తిగా అర్థం కాలేదు. ఆమెకు మాత్రం తేడా కనిపించలేదు. ఢిల్లీ మీదా, అరుగు మీదా ఒకే గొంతుతో అరిచింది.

రెండో రోజుకల్లా అరుగు మూలన సిమ్ముల బల్ల వచ్చింది. తుల్సీబాయి మార్కెట్ యార్డు గేటు పక్కన, పత్తి బండ్లు ఆగే చోట కూర్చుంది. పైన రేకు లేదు. దుమ్ము ఉన్నికి పట్టేస్తుంది. మధ్యాహ్నం ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. కొనేవాళ్లు సగానికి తగ్గారు. ఆమె ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు, ఎవరి దగ్గరా ఏడవలేదు.

జనవరి నెలాఖరున ఒక పొద్దున నర్సింగరావు యార్డు గేటు దగ్గరికి వచ్చాడు. ఢిల్లీ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. చెప్పుల్లో మడమలు చీలి ఉన్నాయి. కాసేపు నిలబడి ఆమె చేతుల వైపు చూశాడు.

"గీ దుమ్ములేం కూసుంటవు తుల్సీ. సిమ్ములోనికి వేరే దిక్కు చూపిస్త. నీ జాగల నువ్వు కూసుందువు రా."

తుల్సీబాయి వరుస పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు.

"సేటమ్మ చెప్పిందా, నీళ్లెందుకు పోసిందో?"

ఆయన చెప్పు కొసతో దుమ్ము గీకాడు.

"నువ్వు చెప్తవా మల్ల?"

పత్తి బండి ఒకటి వచ్చి ఆగింది. మంగ్యా మూట భుజానికెత్తుకుంటూ ఇటే చూస్తున్నాడు. నర్సింగరావు బండి దారికి అడ్డమని పక్కకు జరిగాడు. అలా జరిగినవాడు ఇక దగ్గరికి రాలేదు.

తుల్సీబాయి అల్లుతున్నది ఒక హమాలీ కూతురికి టోపీ. మిరపపండు ఎరుపు. పోగు బిరుసుగా ఉంది. వేలికి గుచ్చుకుంటోంది. ఆమె దాన్ని గట్టిగా లాగి తర్వాతి వరుస మొదలుపెట్టింది.